మూడో గాటు

బోయిగూడ, సికింద్రాబాద్
1948 అక్టోబరు 20

చిరంజీవి సోమయ్యకు అక్క అనసూయమ్మ దీవించి రాసేది.

ఇక్కడ అంతా క్షేమమని రాయడానికి చేయి రావడం లేదు, అందుకని ఆ మాట వదిలేస్తున్నాను. నువ్వు నిర్మల్‌కు బదిలీ అయి వెళ్ళి మూడో నెల నడుస్తోంది. మీ బావ పదకొండో రోజుకు కూడా ఆగకుండా వెళ్ళావు. ఉద్యోగం, హుకుం, ఏం చేస్తావులే అనుకుని ఊరుకున్నాను.

రాజ్యం మారింది. మిలిటరీ బండ్లు వచ్చిన రోజున మోండా మార్కెట్‌లో పువ్వు అన్నది మిగలలేదు. అందరూ పరుగెత్తి దండలు వేశారు. నేను వేయలేదు. నాకు ఈ కొత్త దొరల దగ్గర ఒకటే పని ఉంది. పగ తీర్చుకోవాలి. చదివి ఉలిక్కిపడకు, ఆ మాట తెలిసే రాశాను.

నీకు ఇంతవరకు చెప్పని సంగతి ఒకటుంది. ఆషాఢంలో, బోనాలకు నాలుగు రోజుల ముందు మీ బావను మీ ఠాణాకే పట్టుకుపోయారు. కాంగ్రెసు పిల్లలకు బరిసెలు సాగగొట్టి ఇస్తున్నాడని నేరం. మూడో నాడు శవాన్ని బండిలో తెచ్చి వాకిట్లో దింపారు. ‘మెట్ల మీది నుంచి జారిపడి’ అని కాగితం ఇచ్చారు. ఆ ఠాణాకు ఉన్నవి మూడంటే మూడు మెట్లు. పోలీసుల భయానికి మన కులం మగవాళ్ళు ఒక్కరు కూడా గడప దాటి రాలేదు. కమ్మరి బ్రహ్మచారి మంచివాడు, బంగారం లాంటివాడు అని ఇప్పుడు అంటున్నారు, చచ్చినవాడి కళ్ళు చారెడని. ఆ రోజు శవానికి స్నానం చేయించింది నేనే.

వీపు మీదా పక్కటెముకల మీదా గుండ్రటి మచ్చలున్నాయి. లాఠీ కొసతో పొడిస్తే పడ్డవి. ఆ కొసకు ఇనుప పొన్ను ఉంటుంది కదా. ఆ ఠాణా కట్టెలన్నిటికీ పొన్నులు వేసింది మీ బావే, కొలిమి తిత్తి ఊదింది నేనే. పొన్ను అంచు మీద ఆకురాయితో రెండు గాట్లు పెట్టేవాడు, తన పని అని గుర్తు. పగిలో వదులయ్యో మరమ్మతుకు తిరిగి వచ్చిన వస్తువుకు మూడో గాటు పెట్టేవాడు. “ఇది మల్లొచ్చిందే. నా చెయ్యి జెర తప్పిందన్నట్టు” అనేవాడు. ఆ గాటు పెట్టేటప్పుడు సిగ్గుపడేవాడు కూడా.

ఒక్కో మచ్చ అంచు చుట్టూ నల్లగా కమిలి ఉంది, ఆ అంచులో గాట్లు ఆనిన మూడు చోట్ల మాత్రం కమలలేదు. తన చేతి పని తన వీపు మీద ఉండగా నీళ్ళు పోశాను సోమయ్యా.

ఆ ఠాణా కట్టెల్లో మరమ్మతుకు వచ్చింది ఒక్కటే. నిరుడు దసరా వెళ్ళాక వచ్చింది. అప్పటికి నీకూ మీ బావకూ మాటలు లేవు, నువ్వు మా గుమ్మం తొక్కడం మానేశావు, కాబట్టి నీకు తెలియదు. తెచ్చినవాడు మన వెనక గల్లీ పీరా, నీ చేతి కింది జవాను. తెచ్చినవాడిదే వస్తువు, కొలిమి పుట్టినప్పటి నుంచి అదే పద్ధతి. దాగలి దిమ్మ పక్కన కూర్చుని నా చేతి మజ్జిగ తాగి, కట్టె భుజాన వేసుకుని వెళ్ళాడు.

ఠాణాకు పెద్ద అమీన్ గోవర్ధన్‌లాల్ అదే కుర్చీలో ఉన్నాడు, టోపీ ఒకటి మార్చుకున్నాడు. అడగబోతే తనే ఎదురొచ్చి చెప్పాడు. “ఆ దినం నేను రజా మీదున్న, ఠాణాల లేను. పీరాగాడు నాకు తెల్వకుంట షరారత్ చేసిండు. దరఖాస్తియ్యమ్మా, నేను చూసుకుంట” అన్నాడు. నీ జవాబు రాగానే ఇస్తాను. నువ్వు జమేదారువి, దరఖాస్తులో ఏ మాట ఎలా ఉండాలో రాసి పంపు.

నీ అక్క
అనసూయమ్మ


నిర్మల్
1948 నవంబరు 2

అక్కయ్య పాదాలకు సోమయ్య నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ చలి మొదలైంది. నీకని ఒక గొంగడి కొన్నాను, సికింద్రాబాద్ వచ్చే మనిషి చేత పంపుతాను.

అక్కా, ఆ దరఖాస్తు ఇవ్వకు. మచ్చలను బట్టి మనిషిని పట్టుకోవడం కోర్టులో నిలబడదు. కట్టెలు ఠాణాలో ఒక మూలన ఉంటాయి, అవసరం పడ్డవాడు అందింది తీసుకుంటాడు. పీరా అలాంటివాడు కాదు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ రోజు నేను బేగంపేటలో విమానాల మైదానం దగ్గర బందోబస్తులో ఉన్నానని నీకు అప్పుడే చెప్పాను, కాబట్టి కళ్ళతో చూసి చెప్పడం లేదు. ఏడేళ్ళు కలిసి పని చేసినవాణ్ణి గురించి చెబుతున్నాను.

ఇంకో మాట. ఇప్పుడు సాయిబుల పేరు మీద దరఖాస్తు పడితే కాగితం పూర్తిగా చదివేవాడు ఉండడు. ముందు మనిషిని లోపల వేస్తారు, తర్వాత ఏం చేస్తారో నాకు తెలుసు. పోయిన బావ ఎలాగూ తిరిగి రాడు. నువ్వు ఒంటరిదానివి. గోవర్ధన్‌లాల్ మాట నమ్మకు.

నీ తమ్ముడు
సోమయ్య


బోయిగూడ
1948 నవంబరు 24

చిరంజీవి సోమయ్యకు,

గొంగడి అందింది. ఉపదేశం కూడా అందింది. గొంగడి వాడుకుంటున్నాను.

పోయిన బావ తిరిగి రాడని నువ్వు నాకు చెప్పాలా? ఆయన రాడనే కదా నాకీ మంట! నీ ఉత్తరం చదివి నా పుట్టింటి రక్తం ఇంత చల్లగా ఎప్పుడు అయిందా అనుకున్నాను. నా బొట్టు తుడిచినవాడు నా వెనక గల్లీలో పొద్దున్నే నమాజు చేసుకుని, పెళ్ళాం వండిన రొట్టె తిని, మీసం దువ్వుకుని డ్యూటీకి పోతుంటే నేను కిటికీ మూసుకుని కూర్చోవాలా? ఇచ్చాను దరఖాస్తు. నాలుగో రోజున పీరాను పట్టుకున్నారు.

కొత్త ఇనస్పెక్టరు మద్రాసు నుంచి వచ్చాడు, మనిషిది సర్కారు జిల్లా మాట. గుర్తు పట్టడానికి నన్ను ఠాణాకు పిలిపించాడు. పీరా నన్ను చూసి “అక్కా” అన్నాడు. వీడే అన్నాను. తర్వాత ఇనస్పెక్టరు నాకు వరండాలో బల్ల చూపించాడు. “గదిలోకి రాకూడదు గానమ్మా, ఇక్కడ కూర్చో. వినపడతాది. నీ మనసు చల్లబడతాది” అన్నాడు.

కూర్చున్నాను. విన్నాను. నీ దగ్గర దాపరికం ఎందుకు? మొదటి దెబ్బకు ఒళ్ళు జలదరించింది. తర్వాత ఇంకా పడాలి, ఇంకా పడాలి అనిపించింది. పీరా ఏడ్చిన ప్రతిసారీ మీ బావ వీపు మీది ఒక్కో మచ్చ తలుచుకున్నాను. ఇంటికి వచ్చి వేడన్నంలో ఊరగాయ కలుపుకుని కడుపునిండా తిన్నాను, ఆషాఢం తర్వాత అదే మొదటిసారి. ఆ రాత్రి నిద్ర కూడా పట్టింది.

పీరా పెళ్ళాం నూర్‌బీ మూడుసార్లు వచ్చింది. ప్రతిసారీ ముఖం మీదే తలుపు వేశాను. గొళ్ళెం పెట్టాక కూడా బయట ఏదో చెబుతూనే ఉంది. నేను కొలిమి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

ఇప్పుడు నీతో పని పడింది. ఆ కట్టె పీరాదేనని వాడి మీది జమేదారుగా నువ్వు రాసి ఇస్తే కేసు గట్టిపడుతుందట. గోవర్ధన్‌లాల్ నవ్వుతూ అన్నాడు, “మీ తమ్మున్ని రెండు ముక్కలు రాసి పంపమను. మీ తమ్ముడు మంచోడు, చెప్పింది చేస్తడు” అని. రెండు ముక్కలే కదా. రాసి దస్తఖతు పెట్టి వెంటనే పంపు.

అనసూయమ్మ


నిర్మల్
1948 డిసెంబరు 6

అక్కయ్యకు నమస్కారాలు.

వారం రోజులుగా జ్వరం. అందుకే ఆలస్యం.

నువ్వు అడిగిన ముక్కలు రాయలేను. ఎందుకని అడగవద్దు. అక్కా, నీకు దండం పెడతాను, పీరాను ఇంక కొట్టనివ్వకు. నువ్వు దరఖాస్తు ఇచ్చినదానివి, నువ్వు వద్దంటే వాళ్ళు ఆగుతారు. వాడి మీద చేయి పడటం పాపం. చివరికి బావ గొంతు తడిపినవాడు వాడే. సాయిబు చేతి నీళ్ళు బావ తాగడు కదా అని పీరా సత్తు గ్లాసు పట్టుకుని వెనకాడితే, బావే తల ఎత్తి నోరు తెరిచాడు. ఆ నీళ్ళ మీద ఆన, వాణ్ణి వదిలిపెట్టమని చెప్పు.

ఇంతకంటే రాయలేను.

సోమయ్య


బోయిగూడ
1948 డిసెంబరు 15

సోమయ్యకు,

నీ ఉత్తరం నాలుగు వంటల పూటలు పొయ్యి దగ్గర పెట్టుకుని చదివాను. బేగంపేట విమానాల మైదానంలో నిలబడితే మన ఠాణా గదిలోని సత్తు గ్లాసు కనబడుతుందా? దాన్ని పట్టుకున్న చేయి వెనకాడటం కనబడుతుందా? మీ బావ తల ఎత్తడం కనబడుతుందా?

పీరా నీకు తర్వాత చెప్పి ఉంటాడు అనుకుందామని చూశాను. మనసుకు ఎక్కలేదు. బావ చనిపోయిన నాటి నుంచి నువ్వు దొంగకు తేలు కుట్టినట్టు ఉన్నావు. కర్మకు ఆగలేదు. నిర్మల్‌కు నువ్వే అడిగి వేయించుకున్నావని నిన్న ఒక జవాను అన్నాడు. నాకు హుకుం అని చెప్పావు.

లేచి వెనక గల్లీకి వెళ్ళాను. నూర్‌బీ అరుగు మీద కూర్చుని పాత చొక్కాకు అతుకు వేస్తోంది. నన్ను చూసి లేవలేదు.

“మూడుమాట్ల వచ్చిన నీ దర్వాజకాడికి. తలుపేసుకున్నవు. గిప్పుడెందుకొచ్చినవమ్మా?” అంది.

“ఆ కట్టె ఎవరిది నూర్‌బీ?” అని అడిగాను.

సూది ఆపింది. “గదే చెప్తామనే వచ్చిన గద. మీ తమ్మునిది. నీ మొగనికి, నీ తమ్మునికి అప్పుడు మాటల్లేకుండె. బావ ముంగటికి పోనీకె ముఖం చెల్లక మా ఆయనతోని పంపిండు. మా ఆయన కూలోని లెక్క తెచ్చిండు, కూలోని లెక్క తీస్కపోయిండు.”

“మరి పీరా ఆ మాట ఠాణాలో చెప్పలేదా?”

“ఎవరన్న అడిగితె గద చెప్పనీకె! ఒప్పుకో, ఒప్పుకో అంటున్నరు. ఎవరు కొట్టిండ్రని ఒక్కడు సుత అడుగుతలేడు. ఆయన నోట్లె నుంచి ఏమొచ్చినా రాసెటోడు ఆ అమీనే నాయె.”

కొలిమి పద్ధతి అని గొప్పగా రాశాను చూడు నీకు, తెచ్చినవాడిదే వస్తువు అని. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తిత్తి ఊదినదాన్ని, నాకు ఇంకో ఆలోచనే రాలేదు. పొలం మనిషి నాగలి కర్రు పొలం మనిషే తెస్తాడు. జమేదారు కట్టె జవాను తెస్తాడని, అలా తెచ్చే రాజ్యం ఒకటి పక్కనే ఉందని నాకు తట్టలేదు.

నూర్‌బీ మాట నేను నమ్మలేదని రాయాలని ఉంది. నువ్వే చెప్పు. నీ చేత్తో, ఉన్నది ఉన్నట్టు రాయి. ఈసారి జ్వరం గిరం అని రాస్తే నేనే నిర్మల్ బస్సు ఎక్కుతాను.

అనసూయమ్మ


నిర్మల్
1948 డిసెంబరు 29

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను. ఇది అయిదోది.

నేను కొట్టలేదు. ముందు ఆ మాట రాయనీ. నేను బావ మీద చేయి వేయలేదు.

బేగంపేట అబద్ధం. మూడు రోజులూ నేను ఠాణాలోనే ఉన్నాను. బావను తెచ్చినప్పుడు ఆయన నన్ను చూశాడు, నేను ఠాణా సంగతులు రాసే రోజ్‌నామచా పుస్తకంలో తల దూర్చాను. మొదటి రెండు రోజులు ఉత్త తిట్లు. మూడో రోజు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక గోవర్ధన్‌లాల్ నన్ను గదిలోకి పిలిచాడు. “జమేదార్, షురూ చెయ్” అన్నాడు.

“మా బావ, హుజూర్” అన్నాను.

ఆయన నవ్వాడు. కోప్పడతాడేమో అనుకున్నాను, నవ్వాడు. “రిష్తేదారా? అట్లయితె నీకెందుకు తక్లీఫ్. కట్టె ఇటియ్యి. బయట నిలబడు” అన్నాడు.

ఇచ్చాను. రెండు చేతులతో ఇచ్చాను అక్కా, పైవాళ్ళకు ఏదైనా అలాగే ఇవ్వాలని మాకు నేర్పారు. ఇచ్చి బయటికి వచ్చి తలుపు పక్కన గోడ వైపు తిరిగి నిలబడ్డాను. నీకు అసహ్యం వేసినా నిజం చెబుతాను. ఆ నిమిషాన నాకు ఊపిరి తేలికైంది. కొట్టమంటే కొట్టలేదు కదా, నేను గట్టివాణ్ణే అనుకున్నాను. గోడ మీద సున్నం పెచ్చు లేచి ఉంటే దాన్ని గోటితో గీకుతూ నిలబడ్డాను.

లోపల నుంచి బావ “సోమయ్యా” అని పిలిచాడు. తొమ్మిది నెలల తర్వాత ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే. దసరా భోజనాల దగ్గర “కంచెనే చేను మేస్తాందిర, నీకు జమేదారి ఇచ్చిండ్రని పండుగ చేసుకోవాల్నా” అన్నందుకు నేను విస్తరి ముందు నుంచి లేచిపోయాను. అప్పటి నుంచి మాటలు లేవు. ఆ రోజు పిలిచాడు. రెండుసార్లు పిలిచాడు. నేను తిరగలేదు.

పీరా బావి దగ్గర ఉన్నాడు. అరుపు విని వచ్చి, నన్ను చూసి, నన్ను దాటుకుని లోపలికి వెళ్ళాడు. అమీన్ చేయి పట్టుకున్నాడు. “హుజూర్, మనిషి పోతడు, ఇడువుండ్రి” అన్నాడు. ఆయన ఆ కట్టెతోనే వాడి మూతి మీద కొట్టాడు. పీరా ముందు పళ్ళు రెండు లేవు, నువ్వు గమనించి ఉండవు. ఆ తర్వాతే నీళ్ళు తెచ్చాడు. నేను అప్పుడు తిరిగి చూశాను, నీళ్ళు తాగేటప్పుడు. ఆలస్యంగా తిరిగాను.

నా కింద నలుగురు జవాన్లున్నారు. నేను ‘వద్దు’ అని ఒక్క మాట అంటే నలుగురూ నా వెనక నిలబడేవారు. గోవర్ధన్‌లాల్ ఒక్కడు. ఇది నాకు ఇప్పుడు తెలిసింది కాదు, గోడ గీకుతున్నప్పుడే తెలుసు. ఉద్యోగం పోతుందేమోనని, నా పేరు కూడా కాంగ్రెసు వాళ్ళతో కలిపేస్తారేమోనని నోరు తెరవలేదు. పీరాకు కూడా ఉద్యోగం ఉంది, పెళ్ళాం ఉంది.

మెట్ల మీది నుంచి జారిపడ్డాడని రోజ్‌నామచాలో రాసింది నా చెయ్యే. బదిలీ అడిగితే గోవర్ధన్‌లాల్ ఆ పూటే దస్తఖతు పెట్టాడు.

ఇప్పుడు నా మాట విను. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వెయ్యి. పొరపాటు పడ్డానని చెప్పి దరఖాస్తు వాపసు తీసుకో, పీరా బయటికి వస్తాడు. వాడి కాళ్ళు నేను వచ్చి పట్టుకుంటాను. కానీ నన్ను ఆ గదిలోకి పంపకు అక్కా. ఆ గది సంగతి నీకంటే నాకు బాగా తెలుసు. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు, నీ చేతి ముద్ద తిని పెరిగాను. ఆ చేత్తో నన్ను వాళ్ళకు అప్పగించకు.

సోమయ్య


బోయిగూడ
1949 జనవరి 12

సోమయ్యకు,

చిరంజీవి అని రాయలేదు. మరిచిపోయి కాదు.

నీ ఉత్తరం పొయ్యిలో వేయలేదు. నాకు అక్షరాలు నేర్పిన ఆలిస్ టీచరమ్మ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మూడు నకళ్ళు రాసింది. ఠాణాకు వెళ్తే గోవర్ధన్‌లాల్ చేతిలో పడుతుందని, ఇద్దరం కలిసి ఇనస్పెక్టరు ఇంటికే వెళ్ళాం. ఆయన చదివి కాగితం మళ్ళీ నా వైపే తోశాడు. “కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుద్దమ్మా. తమ్ముడు గదా, ఇంకోసారి ఆలోచించుకో” అన్నాడు. పడనివ్వండి అన్నాను. “మీరు పీరాను ఒక్క మాట అడిగి ఉంటే నాకు ఈ కాగితం మోసుకొచ్చే పని తప్పేది” అని కూడా అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది, కానీ కాగితం మాత్రం తీసుకున్నాడు.

మంగళవారం పీరాను వదిలారు. సాయంత్రం వెళ్ళాను. నూర్‌బీ పసుపు నూనెలో కలిపి వాడి వీపుకు రాస్తోంది. నన్ను రమ్మనలేదు, పొమ్మనలేదు. గుమ్మంలో నిలబడి చూశాను. గుండ్రటి మచ్చలు సోమయ్యా. ఒక్కో దానికి రెండేసి గాట్లు. ఏ కట్టెలతో కొట్టారో, ఆ పొన్నులు చేసిన చేయి ఎవరిదో నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? వాటితో కొట్టమని అడిగింది నేను. బల్ల మీద కూర్చుని విన్నది నేను. నువ్వు వింటూ సున్నం గీకావు, నేను విని వచ్చి ఊరగాయతో అన్నం తిన్నాను. నీ అక్కనే అనిపించుకున్నాను.

పీరా చొక్కా కిందికి లాక్కుని “కూసో అక్కా” అన్నాడు. కూర్చోలేదు. మాఫీ అడగలేదు. అడిగితే ఆ మనిషి సరే అంటాడు, అంత తేలిగ్గా వచ్చే సరే నాకు వద్దు. ఇనస్పెక్టరు ముందు తప్పుడు మనిషిని చూపించానని నా పేరు మీద కూడా కాగితం రాసి ఇచ్చాను. దానికి ఏం చేస్తారో చేయనీ.

ఇక నీ సంగతి. గోవర్ధన్‌లాల్‌ను కుర్చీ నుంచి లేపారు. వాడు ఊరుకుంటాడా? ఆ ఉత్తరం దొంగ ఉత్తరమట. బావతో తొమ్మిది నెలలు మాటలు లేనివాడు, పగబట్టి, తన కట్టెతో తనే కొట్టి చంపి, నెపం అమీన్ మీదికి తోస్తున్నాడట. కట్టె నీది, రోజ్‌నామచాలో రాత నీది, పారిపోయినట్టు బదిలీ అయింది నువ్వు. వినేవాళ్ళకు నిజం లాగే ఉంది. నువ్వు వచ్చి నోటితో చెప్పకపోతే ఈ నేరం మొత్తం నీ మెడకు పడుతుంది, వాడు దులుపుకుని పోతాడు.

ఈ నెల ఇరవై ఏడున కోర్టులో పేషీ. ముందు రోజే ఠాణాలో హాజరు కావాలి. నువ్వు రాకపోతే నిర్మల్ నుంచి తాళ్ళతో తెస్తారు.

ఇనస్పెక్టరు నాకు ధైర్యం చెప్పాడు. “అతన్ని రానియ్యమ్మా, మేం మాట్లాడిస్తాం” అన్నాడు. ఆ మాట అర్థం ఇప్పుడు నాకు తెలుసు. వద్దన్నాను. నా తమ్ముడి ఒంటి మీద ఒక్క గుండ్రటి మచ్చ పడినా, నా దరఖాస్తు, నా సాక్ష్యం, ఆ నకళ్ళు అన్నీ మీ ముందే నమిలి మింగుతానన్నాను. ప్రేమ కొద్దీ అన్నానని మురిసిపోకు. దెబ్బలు తిని చెబితే అది దెబ్బలు చెప్పించిన మాట అవుతుంది, గోవర్ధన్‌లాల్ వకీలు దాన్ని ఊది పారేస్తాడు. నాకు నీ మాట కావాలి. ఒళ్ళు నొవ్వకుండా, నాలుక తడబడకుండా, రెండు చేతులతో కట్టె ఎలా ఇచ్చావో ఆ గోవర్ధన్‌లాల్ ముఖంలోకి చూస్తూ చెప్పాలి. బావ రెండుసార్లు పిలిచాడని, నువ్వు తిరగలేదని నలుగురి ముందు, నేను వింటుండగా చెప్పాలి. నా పగ అది. అంతకంటే తక్కువకు తీరదు.

చెప్పాక కోర్టు నీకు ఏ శిక్ష వేస్తుందో నాకు తెలియదు. తగ్గించమని అడగను, జామీనుకు నిలబడను. నా చేతి ముద్ద గుర్తు చేశావు కాబట్టి రెండు పూటలా అన్నం తెస్తాను.

భయపడకు అని రాయను. భయపడు, కానీ రా. నువ్వు లోపల ఉన్నన్ని రోజులూ ఆ తలుపు పక్కన, సున్నం గీకుతూ నువ్వు నిలబడ్డ చోటే, పీట వేసుకుని కూర్చుంటాను. ముఖం మాత్రం గది వైపుకే పెట్టి కూర్చుంటాను.

అనసూయమ్మ